ముయేదా చేరని ప్రయాణం

తిరిగి వచ్చి పన్నెండు రోజులైంది. నోటుబుక్కులో గిలికిన అక్షరాలు నాకే అర్థం కాకుండా పోకముందే వాటిని శుభ్రంగా రాసిపెట్టుకుందామని కూర్చున్నాను. విజయవాడలో ఇరవై ఎనిమిదేళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. పోర్చుగీసు పాలన అనగానే మా పాఠంలో గోవాకు ఒక పేజీ, ఆఫ్రికాకు ఒక వాక్యం ఉండేవి. ఆ ఒక్క వాక్యంలోనే అంగోలా, గినీ-బిస్సావ్, మొజాంబిక్ మూడూ సర్దుకునేవి. మా అన్నయ్య కొడుకు మొజాంబిక్ రాజధాని మపూతో పక్కనున్న మతోలాలో ఒక గోదాములో లెక్కలు చూస్తున్నాడు. "రిటైరయ్యారుగా అత్తయ్యా, ఇంకెప్పుడు వస్తారు?" అని వాడు పట్టుబట్టినప్పుడు, ముయేదాకు తీసుకువెళ్తేనే వస్తానని షరతు పెట్టాను.

ముయేదా ఉత్తరాన, టాంజానియా సరిహద్దుకు చేరువలో పీఠభూమి మీద ఉన్న చిన్న పట్టణం. అది ఉన్న కాబో దెల్గాదో రాష్ట్రంలో 2017 నుంచి తిరుగుబాటుదారుల దాడులు జరుగుతున్నాయి. నేను దిగిన రాత్రే మా వాడు అటు వెళ్ళే ప్రసక్తి లేదని తేల్చేశాడు. స్వాతంత్ర్యం కోసం పదేళ్ళ యుద్ధం జరిగిన ఉత్తరాన్ని వదిలిపెట్టి, ఆ యుద్ధం అడుగైనా పెట్టని దక్షిణంలో తిరగడం వల్ల ఏం తెలుస్తుందని మొదటి రెండు రోజులూ అలిగాను.

సెప్టెంబరు 18, మపూతో

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనుక్కుంటూ పెరిగినదానికి వ్లదీమిర్ లెనిన్ అవెన్యూ ఆశ్చర్యం కలిగించకూడదు గానీ, నాలుగు వీధులు దాటేసరికి కార్ల్ మార్క్స్, హో చి మిన్, జూలియస్ న్యెరేరే అందరూ ఎదురయ్యేసరికి నవ్వొచ్చింది. ఈ నగరం పేరు 1976 ఫిబ్రవరి 3 దాకా లౌరెన్సో మార్కెస్. పోర్చుగీసు వర్తకుడి పేరు తీసేయడానికి ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారంటే, ఏడేళ్ళ ముందు అదే రోజున ఫ్రెలిమో తొలి అధ్యక్షుడు ఎడ్వర్దో మొండ్లానే టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో తనకు పోస్టులో వచ్చిన పుస్తకం పొట్లం విప్పుతూ, అందులో అమర్చిన బాంబు పేలి మరణించాడు. ఫ్రెలిమో అంటే మొజాంబిక్ విమోచన కూటమి. ప్రవాసంలో ఉన్న మూడు సంస్థలు కలిసి 1962 జూన్ 25న దార్ ఎస్ సలాంలోనే దాన్ని ఏర్పరచుకున్నాయి.

పొద్దున్నే వీధి చివర ఒకామె బజియాలు వేస్తూ కనిపించింది. పేరు మనదే, సరుకూ మనదే: అలసంద పిండి. చిన్న ఉండలుగా నూనెలో వేయించి, బొటనవేలితో చీల్చిన రొట్టెలో నాలుగేసి కుక్కి ఇస్తుంది. దగ్గరికి వెళ్ళి వేళ్ళు చూపిస్తూ ధర అడిగాను. ఆమె నా వంక చూసి, నింపాదిగా "బొం దియా" అంది. మళ్ళీ అడిగాను, మళ్ళీ శుభోదయమే. మా వాడు వెనక నుంచి, "ముందు పలకరించాలి అత్తయ్యా, బాగున్నారా అని అడగాలి, ఆ తర్వాతే బేరం" అన్నాడు. పలకరించాను. ఆమె ఆరోగ్యం, నా ఆరోగ్యం, మా వాడి ఆరోగ్యం విచారణలయ్యాక ముప్పై మెటికల్ అని చెప్పింది. ఒక మెటికల్ మన రూపాయీ పావలాకు కాస్త పైన. ఆ తర్వాత పన్నెండు రోజుల్లో ఎక్కడా ఈ వరస తప్పలేదు. ఈ ఊరి పోలీసులు కూడా పాస్‌పోర్టు అడగబోయే ముందు కుశలం అడుగుతారు.

సెప్టెంబరు 19, కోట, పలకల మేడ

రేవు దగ్గరి ఎర్రరాతి కోట మధ్యలో మౌజిన్యో ద అల్బుకెర్క్ గుర్రమెక్కి ఉన్నాడు. ఒకప్పుడు నగరం నడిబొడ్డున నిలబెట్టిన ఈ విగ్రహాన్ని స్వాతంత్ర్యం రాగానే తెచ్చి ఇక్కడ పెట్టారు. 1895 డిసెంబరులో షైమీతే గ్రామంలో, ఈ దేశపు దక్షిణాన ఉన్న గాజా రాజ్యపు రాజు గుంగున్యానాను పట్టుకున్న సైనికాధికారి ఇతడే. రాజును అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవులకు పంపితే అక్కడే 1906లో కన్నుమూశాడు. 1985లో అవశేషాలను తెప్పించి, చెక్కడపు పనితనమున్న చెక్క పేటికలో పెట్టి ఈ కోటలోనే ఒక గదిలో ఉంచారు. పేటికలో ఎముకల కన్నా ఆ దీవి మట్టే ఎక్కువని జనం చెప్పుకుంటారు. పట్టినవాడూ పట్టుబడినవాడూ ఒకే ప్రహరీలో, ఒకే టికెట్టు మీద కనిపించడం నాకు నచ్చింది. విగ్రహాన్ని కరిగించి ఉంటే ఈ ముచ్చట ఉండేది కాదు.

మధ్యాహ్నం సెకూ తురే అవెన్యూ మీద నీలం, తెలుపు పలకలు తాపిన రెండంతస్తుల మేడ కోసం వెతికాను. విలా అల్గార్వ్ దాని పేరు. పోర్చుగీసు రహస్య పోలీసు విభాగం పీడే ఇక్కడే మనుషుల్ని ప్రశ్నించేది. పలకల మీద పూలగుత్తులు, లతలు. కిటికీలకు తలుపుల్లేవు, మెట్ల సందుల్లో రావి లాంటి మొక్క మొలిచింది. నేను ఫోను ఎత్తగానే ఎక్కడి నుంచో ఒక కాపలాదారు వచ్చి, ముందు పలకరించి, ఆ తర్వాత వద్దని చెయ్యి ఊపాడు. ఎదుటి అరుగు మీద కూర్చుని పలకల్లో పూలరేకులు లెక్కపెట్టాను. అంత అందమైన ఇంట్లో ఆ పని ఎందుకు పెట్టుకున్నారో అనిపించింది గానీ, బాటసారులు అనుమానించకుండా పోయేందుకు అంతకన్నా మంచి చోటు మరొకటి ఉండదు.

సెప్టెంబరు 20, మఫలాలా

వలస పాలనలో ఈ నగరానికి రెండు పేర్లుండేవి: తెల్లవారిది సిమెంటు ఊరు, నల్లవారిది రెల్లు ఊరు. మఫలాలా ఆ రెండో ఊరిలోని పేట. రెల్లుకు తోడు చెక్క చట్రాలకు రేకులు కొట్టిన ఇళ్ళు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. కవి జోజె క్రావెరిన్యా, కవయిత్రి నొయేమియా ద సౌజా ఈ సందుల్లో పెరిగినవాళ్ళే. 1966 ప్రపంచ కప్పులో పోర్చుగల్ తరఫున తొమ్మిది గోల్స్ కొట్టిన యుజేబియో ఇక్కడి మట్టిలోనే బంతి తన్నాడు. స్వతంత్ర మొజాంబిక్ తొలి అధ్యక్షుడు సమోరా మషెల్ కూడా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే రోజుల్లో ఇక్కడ ఉన్నాడు. పేట కుర్రాళ్ళు నడిపే కాలినడక పర్యటనలో చేరి, రెండో సందులోనే గుంపు నుంచి తప్పిపోయాను. చెప్పుకోవలసినవన్నీ అలా తప్పిపోయిన తర్వాతవే.

రేకుల గుమ్మం ముందు కర్రపెండలం ఆకును రోట్లో దంచుతున్న పెద్దావిడ నన్ను చూసి, పీట జరిపి కూర్చోమంది. మనవరాలికి ఇంగ్లీషు వచ్చు. పొంతన లేని ప్రశ్నలతో మొదలుపెట్టి, ఇల్లు ఎన్నాళ్ళ కిందటిదని అడిగాను. ఆవిడ రోకలి పక్కన పెట్టి లేచి, రేకుల గోడ మీద కొట్టింది, ఖంగుమనలేదు. లోపల ఇటుక ఉంది. ఆ కాలంలో నల్లవారు ఈ పేటల్లో పక్కా గోడ లేపడానికి ఒప్పుకునేవారు కాదట. అందుకని ఆమె తండ్రి బయటి రేకులు అలాగే ఉంచి, లోపలి వైపు నుంచి నెలకు కొంత చొప్పున, ఎక్కువగా రాత్రుళ్ళు, ఇటుక పేర్చుకుంటూ వచ్చాడు. పరీక్షకు వచ్చిన అధికారికి బయటి నుంచి రేకులే కనిపించేవి. గోడ పూర్తి కావడానికి ఏడేళ్ళు పట్టిందని, అది పూర్తయ్యేసరికి ఆయన చూపు మందగించిందని చెప్పింది.

ఆయన రేవులో మూటలు మోసేవాడు. 1961 దాకా ఈ దేశపు ప్రజలకు రెండు తరగతులు. అత్యధికులు 'ఇండిజెనా'లు: గుర్తింపు పుస్తకం దగ్గర లేకుండా నగరంలో తిరగకూడదు, పన్ను కట్టలేకపోయినా పనిలేదని రుజువైనా శిబాలూ కింద నెలల తరబడి నిర్బంధ చాకిరీకి పోవాలి. పోర్చుగీసు మాట్లాడుతూ, పోర్చుగీసు తీరున బతుకుతున్నట్టు నిరూపించుకున్న కొద్దిమంది 'అసిమిలాదో'లు. పుస్తకం ఇంట్లో మరచి పట్టుబడిన రోజున తండ్రికి పడిన శిక్షను ఆవిడ మాటల్లో చెప్పలేదు. కుడి అరచెయ్యి చాచి, ఎడమ చేతి వేలితో అందులో అయిదు చుక్కలు పెట్టింది. పల్మతోరియా అనే ఆ చెక్క గరిటెకు రంధ్రాలుంటాయి. దెబ్బ పడినప్పుడు చర్మం ఆ రంధ్రాల్లోకి పొంగి, గరిటె లేచేటప్పుడు చిట్లుతుంది. చుక్కలు పెట్టిన వేలికి ఆకు పసరు అంటుకుని ఉండడం వల్ల ఆమె అరచేతిలో అయిదు పచ్చని మచ్చలు పడ్డాయి. మనవరాలు అనువదించడం ఆపేసింది.

ఆ ఆకే మధ్యాహ్నానికి మటాపా అయింది. దంచిన ఆకును గంటన్నర పైగా ఉడికించి, వేరుశనగ పొడీ కొబ్బరిపాలూ పోసి దగ్గరికి తెస్తారు; పక్కన షిమా, అంటే మొక్కజొన్న సంకటి. సామర్లకోట చుట్టూ కర్రపెండలం పొలాలు ఎన్నోసార్లు చూశాను గానీ, ఆకు తింటారని ఎప్పుడూ అనుకోలేదు. ఎంత ఇవ్వమంటారని అడగడం తప్పవుతుందేమోనని మా వాడికి ఫోను చేస్తే, మనవరాలి చేతిలో రెండు వందల మెటికల్ పెట్టి పెద్దావిడకు రెండు చేతులతో దండం పెట్టమన్నాడు. అలాగే చేశాను. ఆమె "కనిమాంబో" అంది. షంగానా భాషలో కృతజ్ఞత.

యుద్ధం దక్షిణానికి రాలేదన్న నా అలక ఆ పూటే పోయింది. యుద్ధం ఎందుకు మొదలైందో చెప్పే గోడ ఇక్కడే ఉంది.

సెప్టెంబరు 21, మచావా

మచావా స్టేడియానికి ఒంటరిగా వెళ్తానని బయల్దేరి, చపా ఎక్కాను. పద్నాలుగు సీట్ల వ్యానులో ఇరవై మంది. కండక్టరు కుర్రాడు తలుపు బయటే వేలాడతాడు. నేను "మచావా" అంటే అతను తలూపాడు. మచావా పేరుతో స్టాపులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయన్నది దిగాక తెలిసింది. ఎండలో ముప్పావు గంట నడిచి, చివరికి చొపేలా ఎక్కాను. చొపేలా అంటే మన మూడు చక్రాల ఆటోనే. డ్రైవరు బజాజ్ అన్న అక్షరాలను చూపించి, నన్ను చూపించి, చుట్టాలమన్నట్టు వేళ్ళు కలిపాడు. చుట్టరికం వల్ల మూడు వందలు అడిగినవాడు రెండు వందల యాభైకి దిగాడు.

1968లో ఈ స్టేడియాన్ని పోర్చుగల్ నియంత సలాజార్ పేరుతో తెరిచారు. ఏడేళ్ళు తిరిగేసరికి, 1975 జూన్ 24 అర్ధరాత్రి దాటాక, ఇక్కడే పోర్చుగల్ జెండా దిగింది. సలాజార్ స్టేడియంలోనే ఆ పని జరగడంలో ఒక వ్యంగ్యం ఉంది గానీ, జనం పట్టే చోటు మరొకటి లేకపోవడం కూడా కారణం కావచ్చు. ఉత్తరాన చాయ్ గ్రామంలో 1964 సెప్టెంబరు 25న పాలనా కేంద్రం మీద దాడితో మొదలైన పోరాటం కాబో దెల్గాదో, నియాసా, తెతే ప్రాంతాలకు పాకింది. 1970లో పోర్చుగీసు సైన్యం వేలాది మందితో చేసిన పెద్ద దాడి దాన్ని అణచలేకపోయింది. చివరకు గెలుపోటములు అడవిలో కాక లిస్బన్‌లో తేలాయి: మూడు వలసల్లో ఏళ్ళ తరబడి పోరాడి విసిగిన సైనికాధికారులే 1974 ఏప్రిల్ 25న తమ ప్రభుత్వాన్ని కూలదోశారు, సెప్టెంబరు 7న జాంబియా రాజధాని లుసాకాలో ఫ్రెలిమోతో స్వాతంత్ర్య ఒప్పందం కుదిరింది. కాపలాదారును పద్ధతిగా పలకరించాను కాబట్టి గేటు దాటి పది అడుగులు వెయ్యనిచ్చాడు. మైదానంలో ఒక మేక మేస్తోంది.

రాత్రి అన్నాల దగ్గర మా వాడు, ఇక్కడికి రాకముందు తెతే దగ్గర బొగ్గు గనుల్లో రెండేళ్ళు చేశానని చెప్పాడు. అక్కడికి సమీపంలోని విరియాము గ్రామం పేరు వాడు వినలేదు. 1972 డిసెంబరు 16న పోర్చుగీసు కమాండోలు అక్కడా చుట్టుపక్కల ఊళ్ళలోనూ నాలుగు వందలకు దగ్గరగా గ్రామస్థుల్ని చంపారు. మిషనరీ పాదిరీలు సమాచారం పోగుచేయబట్టి, మరుసటి జూలైలో లండన్ పత్రికకెక్కి లోకానికి తెలిసింది. "రెండేళ్ళు ఉండి తెలియలేదేమిట్రా?" అన్నాను. "ఎవరూ చెప్పలేదు అత్తయ్యా" అని కంచం లాక్కున్నాడు. నేను పాఠం చెప్పిన ఇరవై ఎనిమిదేళ్ళలో నేనూ చెప్పలేదు.

సెప్టెంబరు 22–23, గాజా

మాసియా కూడలిలో జీడిపప్పు అమ్మేవాళ్ళు కారు అద్దాల్లోంచి చేతులు పెట్టేస్తారు. పొట్లం మూడు వందలు. కాస్త మాడిన వాసనతో, పలాస పప్పు కన్నా చిన్నగా, రుచిలో ఏమీ తీసిపోదు. 1970ల తొలి ఏళ్ళలో జీడి పంటలో ప్రపంచంలో మొదటి స్థానం ఈ దేశానిదే. పిక్కలు ఒలవడానికి ఓడల మీద ఇండియాకు కూడా వచ్చేవి.

మొండ్లానే పుట్టిన న్వజాహానే ఊరికి ఇసుక దారి. మా కారు కూరుకుపోయింది. ఎవర్నీ పిలవకుండానే ఆరుగురు వచ్చి, టైర్ల కింద కొబ్బరి మట్టలు పరిచి నెట్టారు. డబ్బు ఇవ్వబోతే ఒక ముసలాయన "ఎస్తామూస్ జుంతూస్" అన్నాడు: అందరం ఒకటేగా అని. పశువులు కాసిన పిల్లవాడు ఈ ఇసుకలోంచి స్విస్ మిషన్ బడికి, అక్కడి నుంచి దక్షిణాఫ్రికాకు, లిస్బన్‌కు, అమెరికాకు వెళ్ళి పరిశోధక పట్టా తెచ్చుకుని, ఐక్యరాజ్య సమితి ఉద్యోగం, అమెరికా విశ్వవిద్యాలయ కొలువు వదులుకుని పోరాటంలోకి దిగాడు. ఊళ్ళో జీడిచెట్ల నీడ తప్ప ఆడంబరం లేదు. ఆ నీడలో గంటసేపు నిద్రపోయాను.

సెప్టెంబరు 25, మపూతో

సాయుధ పోరాటం మొదలైన రోజు కాబట్టి జాతీయ సెలవు. నేను మరచిపోయి, చూద్దామనుకున్నవన్నీ ఈ రోజుకే పెట్టుకున్నాను. అన్నీ మూసి ఉన్నాయి. వీరుల చౌరస్తా దగ్గర పూలగుచ్ఛాలు పెట్టడం అయిపోయి జనం చెదిరిపోతున్నారు. దాదాపు వంద మీటర్ల గోడచిత్రంలో సంకెళ్ళ నుంచి తుపాకీ దాకా కథంతా ఉంది. నక్షత్రాకారపు స్మారకంలో మొండ్లానే, సమోరా, పాతికేళ్ళకే 1971లో పోయిన అతని భార్య జోసినా మషెల్ తదితరులున్నారు.

లేనివాళ్ళ సంగతి కూడా రాయాలి. ఫ్రెలిమో మొదటి ఉపాధ్యక్షుడు ఉరియా సిమాంగో నాయకత్వంతో విభేదించాడు. స్వాతంత్ర్యం తర్వాత ఆయన్ని, మరికొందరిని నియాసా అడవిలోని శిబిరానికి పంపి, విచారణ లేకుండా చంపేశారు. ఆ తర్వాత 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధం స్వాతంత్ర్య పోరాటం కన్నా ఎన్నో రెట్లు ప్రాణాలు తీసింది. గోడచిత్రం ముందు నిలబడి ఫొటో దిగుతున్న కుర్రాళ్ళు ఈ రెండో యుద్ధం ముగిశాక పుట్టినవాళ్ళు. పోలీసు వచ్చి పలకరించి, ఫొటోలు చెరిపించాడు.

సెప్టెంబరు 27–28, మొజాంబిక్ దీవి

నాంపుల దాకా విమానం, అక్కడి నుంచి తూర్పుకు రోడ్డు, చివర ఒంటి వరస వంతెన. 1898 దాకా రాజధాని ఈ దీవే. ఉత్తర సగం రాతి ఊరు, దక్షిణ సగం తాటాకు లాంటి మకుతి కప్పుల ఊరు. రాతి ఊరి మేడలకు కావలసిన పగడపు రాయిని రెండో సగంలోనే తవ్వారు; అందుకే ఆ ఇళ్ళు ఇప్పటికీ వీధి కన్నా నిలువెత్తు లోతులో ఉన్నాయి. వీధిలో నడుస్తూ ఇంటికప్పుల్ని కిందికి చూడడం అదే మొదటిసారి. మఫలాలాలో ఇటుకల్ని దాచుకున్నారు, ఇక్కడ రాయి తవ్విచ్చి గోతిలో కాపురం పెట్టారు.

మధ్యాహ్నం సిరి-సిరి మటాపా తిన్నాను. ఉప్పునీటి ఒడ్డున పాకే, మన గంగపాయలను పోలిన ఆకు, అందులో జీడిపప్పు. ముఖానికి తెల్లని ముసీరో పూత పూసుకున్న మకువా తెగ వంటావిడ నా మెతుకులు కలిపే చేతివేళ్ళను మెచ్చుకుంది.

దీవిలో హిందూ దేవాలయం ఉంది, దక్షిణపు కొసన దహనవాటిక కూడా ఉంది. దియూ నుంచి వచ్చిన వర్తకులు కట్టుకున్నవి. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవా, దామన్, దియూలను విడిపించగానే ఇక్కడి పోర్చుగీసు ప్రభుత్వం ఇండియా పౌరుల్ని శిబిరాల్లో నిర్బంధించి, ఆస్తులు లాక్కుని దేశం నుంచి వెళ్ళగొట్టింది. గోవా విముక్తిని నేను క్లాసులో సంతోషంగా ముగించే దాన్ని; దాని బిల్లు ఇక్కడి దుకాణదారులు కట్టారు. గోవాలోనే పుట్టిన అక్వీనో ద బ్రగాంసా మాత్రం ఫ్రెలిమోలో చేరి సమోరాకు సలహాదారు అయ్యాడు. 1986లో సమోరాతో పాటు విమాన ప్రమాదంలో పోయాడు. దహనవాటిక అరుగు మీద పిల్లలు గవ్వలు ఆరబెట్టుకుంటున్నారు.

సెప్టెంబరు 29, నాంపుల

జాతుల ప్రదర్శనశాల వెనక ఆవరణలో మకోందే శిల్పులు నల్లమాను చెక్కుతారు. మకోందే అంటే ముయేదా పీఠభూమి జనం. ఒక ముసలి శిల్పి పాదాల మధ్య దుంగ నొక్కి పట్టుకుని ఉలి కొడుతున్నాడు. మనిషి భుజాల మీద మనిషి, అతని మీద మరొకరు, అలా పదకొండు మంది. నేను అక్కడికి వెళ్ళలేకపోయానని మా వాడు పోర్చుగీసులో చెప్పాడు. ఆయన చెక్కపొట్టును నేల మీద పరిచి, ఉలి కొసతో పీఠభూమి గీశాడు. ఇక్కడ పాలనాధికారి కార్యాలయం, ఇక్కడ జనం, ఇక్కడ జీపు.

1960 జూన్ 16న టాంజానియా వైపు నుంచి ఇద్దరు మకోందే నాయకులు, ఫౌస్తీనో వనోంబె, కిబిరితి దివానె, గవర్నరుతో మాట్లాడడానికి వచ్చారు. వాళ్ళ మాట వినాలని వేలమంది చేరారు. ఇద్దర్నీ కట్టి జీపెక్కించబోయేసరికి జనం అడ్డుపడ్డారు. సైనికులు కాల్పులు జరిపారు, గ్రనేడ్లు విసిరారు. చనిపోయినవారు ఆరు వందలని స్వాతంత్ర్యం తర్వాతి ప్రభుత్వం చెబుతూ వచ్చిన లెక్క. పరిశోధకులు కొందరు అంతకు చాలా తక్కువంటారు. ముసలాయన్ని అడిగితే, అప్పుడు తాను పాలు తాగే పిల్లాడినని, తల్లి తనను వీపుకు కట్టుకుని పత్తి చేలకు అడ్డంపడి పరుగెత్తిందని, ఆమె లెక్కపెట్టడానికి ఆగలేదని అన్నాడు.

ఆ పదకొండు మంది బొమ్మకు నాలుగు వేలు అడిగాడు. ఇన్నాళ్ళ అలవాటుకొద్దీ మూడు వేలు అన్నాను. మా వాడు ఇబ్బందిగా కదిలాడు. ముసలాయన ఏమీ అనకుండా బొమ్మను నా ఒళ్ళో పెట్టి, ఒక్కొక్కరినీ వేలితో తాకుతూ పదకొండు దాకా లెక్కపెట్టాడు. నాలుగు వేలూ ఇచ్చాను. నోట్లు ఒక్కొక్కటిగా ఎండకు ఎత్తి చూశాడు; ప్రతి నోటు మీదా సమోరా మషెలే. "ఈయన గాజా మనిషి," అన్నాడు నవ్వుతూ, "మొండ్లానే కూడా. పుట్టినరోజు మాత్రం మాది." నాకు అర్థం కాలేదు. మా వాడు అడిగి చెప్పాడు: పోర్చుగీసు కాలపు నాణెం ఎస్కుదో తీసేసి మెటికల్ తెచ్చింది 1980 జూన్ 16న. ముసలాయన నోట్లు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని, పొట్టు మీద గీసిన పీఠభూమిని అరికాలితో చెరిపేసి, మళ్ళీ ఉలి తీశాడు.